మనకంటే ముందు ఆ బిడ్డే ఏడ్చాడు

మీ అబ్బాయి ఒక రాత్రి భోజనాలయ్యాక మీ ఎదుట కూర్చుని, తనకు ఆడపిల్లల మీద మనసు పోవడం లేదనీ, మగవాళ్ల మీదే పోతోందనీ చెప్పాడు. లేదా తను చెప్పకముందే ఫోన్లో ఏదో చూసి మీకే తెలిసిపోయింది. ఆ రోజు నుంచి మీ కంటి మీద కునుకు లేదు. అమ్మ జపమాల చేతికి తీసుకుంటే మంగళవార్త జపం సగంలోనే ఆగిపోతోంది. నాన్న పొద్దున్నే చేనుకు వెళ్లి, ఏ పనీ చేయక గట్టు మీద కూర్చుని తిరిగి వస్తున్నాడు. ఫాదర్‌గారికి చెబితే ఏమంటారో అని ఒక భయం, చెప్పకపోతే దేవుడి దగ్గర దాచినట్టవుతుందేమో అని ఇంకో భయం. ఇక బంధువుల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఈ నాలుగు మాటలూ మీకోసమే. ఈ అనంతపురం జిల్లా పిల్లలకు చాలా ఏళ్లు బడిలో పాఠాలూ, ఆదివారం పూట సత్యోపదేశమూ చెప్పినవాడిని. మీ పక్కన కూర్చుని మాట్లాడుతున్నాననుకోండి. మీ బిడ్డ మీద మీకు ప్రేమ ఉందా అన్న అనుమానం నాకు ఏ కోశానా లేదు. ప్రేమ లేకపోతే ఈ నిద్ర పట్టకపోవడం ఎందుకుంటుంది? ఆ ప్రేమ ఇప్పుడు ఏ దారిన నడవాలన్నదే మనం మాట్లాడుకోవాల్సింది. అబ్బాయి గురించి రాస్తున్నా, అమ్మాయి విషయంలోనూ ఇవే మాటలు చెల్లుతాయి. నిజానికి అమ్మాయి కష్టం ఇంకాస్త ఎక్కువ. ఆమెకు సంబంధం చూసేయడానికి మనం మరీ తొందరపడతాం.

మొదట ఆ బిడ్డ మనసులోకి వెళ్దాం. ఈ సంగతి మీకు తెలిసి వారమో నెలో అయి ఉంటుంది. వాడికి తెలిసి ఏళ్లయింది. పన్నెండు పదమూడేళ్ల వయసులో, తోటి పిల్లలు ఆడపిల్లల గురించి గుసగుసలాడుకుంటుంటే, తనకు ఆ మాటలు ఎందుకు పట్టడం లేదో అర్థంకాక ఒక్కడే నలిగిపోయి ఉంటాడు. బడిలో ఎవరినో "ఆడంగి" అని ఎగతాళి చేస్తుంటే, ఆ మాట తన మీదికి రాకుండా తనూ నవ్వి ఉంటాడు. స్వస్థత కూటంలో ఎవరో ప్రసంగికుడు సొదొమ పట్టణం మీద కురిసిన నిప్పుల గురించి గొంతెత్తి చెబుతుంటే, మన పక్కనే చాప మీద కూర్చుని, ఆ నిప్పులు తన కోసమేనని నమ్మి ఉంటాడు. మనం "ఆమెన్" అన్నాం. వాడు కూడా అన్నాడు.

ఫిబ్రవరిలో గుణదల మాత పండుగకు అందరూ కలిసి వెళ్లిన సంగతి గుర్తు తెచ్చుకోండి. ఆ కొండ మెట్లెక్కుతూ నాన్న పంట కోసం మొక్కుకున్నాడు, అమ్మ పెద్దమ్మాయి పెళ్లి కోసం మొక్కుకుంది. చేతిలో కొవ్వొత్తితో వెనక నడుస్తున్న వాడు ఏమని మొక్కుకున్నాడో మనం అడగలేదు. ఇలాంటి పిల్లలు చాలామంది మొక్కుకునేది ఒకటే: "అమ్మా మరియమ్మా, నన్ను మార్చు." తపస్సుకాలం నలభై రోజులూ ఒక్కపొద్దులుండి మొక్కుకుంటారు. మార్పు రాదు. రాకపోయేసరికి, తన ప్రార్థనకు విలువ లేదనుకుంటారు. ఆ తర్వాత దివ్యపూజలో అందరూ సత్ప్రసాదానికి లేచినప్పుడు, వాడు తల వంచుకుని తన చోటే ఉండిపోతాడు. పక్కవాళ్లు దాటుకుని వెళ్లడానికి మోకాళ్లు పక్కకు తిప్పుతాడు తప్ప లేవడు. చిన్నప్పుడు పీఠబాలుడిగా గంట కొట్టిన పిల్లవాడు ఇప్పుడు పూజకే రాకపోతే, బెంగళూరు వెళ్లి చెడిపోయాడనుకున్నాం. వాడు దేవుణ్ణి వదిలేయలేదు. దేవుడే తనను వదిలేశాడనుకుని బాధపడుతున్నాడు.

అందుకే మీకు చెప్పుకున్న రోజున వాడు మిమ్మల్ని బాధపెట్టడానికి రాలేదు. ఎన్నో రాత్రులు ఒంటరిగా ఏడ్చి, ఇక మోయలేక, భూమ్మీద తనకు అందరికంటే దగ్గరివాళ్లు మీరే కాబట్టి వచ్చాడు.

ఇక మీ గుండెను కోస్తున్న మాటకు వద్దాం. "మా పెంపకంలో ఎక్కడ తప్పు జరిగింది?" అని అమ్మ అడుగుతుంది. చిన్నప్పుడు అక్కల మధ్య పెరిగినందుకా? నాన్న పనికి వలస పోయి నెలల తరబడి ఇంట్లో లేనందుకా? హాస్టల్లో వేసినందుకా? ఈ ప్రశ్నలు మిమ్మల్ని తినేస్తాయి, కానీ ఏ జవాబూ ఇవ్వవు. పెంపకం వల్ల ఎవరూ ఇలా కారు. వలస పోయిన తండ్రులు ఈ జిల్లాలో వేలల్లో ఉన్నారు. హాస్టళ్లలో పెరిగిన పిల్లలు లక్షల్లో ఉన్నారు. ఈ ఆకర్షణ ఎందుకు కలుగుతుందన్నది చాలావరకు ఇంకా తేలలేదని కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం కూడా ఒప్పుకుంటుంది. మీరు నేరం చేయలేదు. మీ బిడ్డా చేయలేదు.

జబ్బేమో అన్న అనుమానమూ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితా నుంచి తీసేసింది. ఇది మానసిక వ్యాధి కాదని మన దేశంలోని మానసిక వైద్యుల సంఘం 2018లో స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, ఇష్టపడిన ఇద్దరు వయోజనుల మధ్య స్వలింగ సంబంధం నేరం కాదని తీర్పిచ్చింది. ఇక్కడ ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. "మార్చేస్తాం" అని డబ్బు తీసుకుని మాత్రలో కరెంటు షాకులో ఇచ్చే డాక్టరు మీకు తారసపడవచ్చు. అటువంటి చికిత్సలు వృత్తిధర్మానికి విరుద్ధమని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చింది. అవి బిడ్డను మార్చవు, విరగ్గొడతాయి. అప్పు తెచ్చి ఆ దారి పట్టకండి.

ఎయిడ్స్ భయం కూడా కొందరు తల్లులు నోరు విడిచి చెప్పలేక లోపల దాచుకుంటారు. జాగ్రత్త లేని కలయిక వల్ల హెచ్‌ఐవీ వైరస్ ఎవరికైనా రావచ్చు. ఎవరి మీద మనసు పోయిందన్నదాన్ని బట్టి అది రాదు. మన బత్తలపల్లి ఆర్‌డీటీ ఆసుపత్రిలో ఏళ్ల తరబడి హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు మర్యాదగా వైద్యం చేస్తున్నారు. ఇంట్లో దాచుకుని బతికే పిల్లవాడు డాక్టరు దగ్గర కూడా దాస్తాడు. ఇంట్లో నిజం చెప్పగలిగినవాడే డాక్టర్ని సలహా అడగగలుగుతాడు.

ఇప్పుడు అన్నిటికంటే బరువైన మాట, మన విశ్వాసం. ఈ నేలలో అది నిన్నమొన్నటిది కాదు. 18వ శతాబ్దపు తొలినాళ్లలోనే ఫ్రెంచి జెస్విట్ గురువులు కృష్ణాపురం, మడిగుబ్బ ప్రాంతాల్లో తిరిగి జ్ఞానస్నానాలిచ్చారు. అంత పాత విశ్వాసాన్ని పక్కన పెట్టండని నేను మీకు చెప్పను. మీ బిడ్డకూ చెప్పను. శ్రీసభ ఏమంటుందో పూర్తిగా తెలుసుకోండి అని మాత్రం అడుగుతాను. మనం సగమే విన్నాం.

విన్న సగం నిజమే. పెళ్లి అంటే ఒక పురుషుడికీ ఒక స్త్రీకీ మధ్యనే అని శ్రీసభ చెబుతుంది. స్వలింగ సంబంధాన్ని అది ఆమోదించదు. గే అయినవాళ్లను బ్రహ్మచర్యంలో ఉండమంటుంది. ఈ బోధ ఇవాళ్టికీ మారలేదు. దీన్ని మెత్తగా చేసి చెబితే మీకు అబద్ధం చెప్పినట్టవుతుంది.

వినని సగమూ అంతే నిజం. ఆ ఆకర్షణ కలగడాన్నే పాపంగా శ్రీసభ లెక్కించదు. 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథం ఇటువంటివాళ్లను గౌరవంతో, కనికరంతో, సున్నితంగా చేర్చుకోమంటుంది. వాళ్ల పట్ల అన్యాయమైన వివక్ష ఏ రూపంలోనూ కూడదంటుంది. 1997లో అమెరికా మేత్రాణుల కమిటీ ఒకటి ప్రత్యేకంగా ఇలాంటి తల్లిదండ్రుల కోసమే సందేశం రాసింది. బిడ్డను దూరం చేసుకోకండి, మిమ్మల్ని మీరు నిందించుకోకండి అన్నది దాని సారాంశం. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు, స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్‌ను మళ్లీ నిలబెట్టినప్పుడు, బొంబాయి కార్డినల్ ఓస్వాల్డ్ గ్రేషియస్ గారు, స్వలింగ పెళ్లిళ్లకు శ్రీసభ ఒప్పుకోదంటూనే, వీళ్లను నేరస్థులుగా చూడదని బాహాటంగా చెప్పారు. ఫ్రాన్సిస్ పాపుగారిని 2018లో విమానంలో ఒక విలేకరి, కొడుకు గే అని తెలిసిన తండ్రికి మీరేం చెబుతారని అడిగారు. ప్రార్థించమని, తీర్పు తీర్చవద్దని, మాట్లాడమని, అర్థం చేసుకోమని, బిడ్డకు చోటివ్వమని ఆయన చెప్పారు. బిడ్డతో మాట్లాడకుండా మౌనంగా ఉండిపోవడం తల్లిదండ్రుల లోపమే అన్నారు. 2022 జనవరిలో తల్లిదండ్రులకు మళ్లీ అదే చెప్పారు: ఖండించే ధోరణి వెనక దాక్కోకండి, బిడ్డతో కలిసి నడవండి అని. 2023 డిసెంబరులో వాటికన్ ఇంకో అడుగు వేసింది. పెళ్లి అనిపించే తంతు ఏదీ లేకుండా, ఇలాంటి జంటలు ఆశీర్వాదం అడిగితే గురువులు ఇవ్వవచ్చని అనుమతించింది.

సొదొమ గురించీ ఒక మాట. ఆ ఊరి పాపం ఏమిటో యెహెజ్కేలు ప్రవక్త తన గ్రంథం 16వ అధ్యాయంలో విప్పి చెప్పాడు. కడుపునిండా తిని, గర్వించి, పేదవాడికి చేయి అందించకపోవడం అన్నది అందులో మొదట వస్తుంది. ఇక సువార్తల్లో యేసుప్రభువు ఈ ఆకర్షణ గురించి ఒక్క మాట అన్నట్టు కూడా రాసి లేదు. ఈసారి బిడ్డ పక్కన కూర్చుని యెహెజ్కేలు రాసిన ఆ అధ్యాయం కలిసి చదవండి. ఇన్నేళ్లూ ఒంటరిగా మోసిన భయాన్ని మీతో పంచుకోవడానికి అదొక వీలు అవుతుంది.

పెళ్లి చేస్తే సర్దుకుంటుందన్న ఆలోచన దాదాపు ప్రతి ఇంట్లోనూ వస్తుంది. అది చెడ్డ మనసుతో వచ్చేది కాదు. బిడ్డకు ఒక తోడు ఉండాలన్న ఆశతోనే వస్తుంది. కానీ ఒక్క క్షణం ఆగి, అవతలి ఇంటి ఆడపిల్ల గురించి ఆలోచిద్దాం. ఆమెకూ అమ్మానాన్నలున్నారు. వాళ్లూ మనలాగే అప్పు చేసి పెళ్లి చేస్తారు. గుడిలో ఆదివారం పెళ్లి ప్రకటన చదివి, అభ్యంతరం ఉంటే చెప్పమన్నప్పుడు, అసలు నిజం తెలిసి తలవంచుకుని కూర్చునేది మనమే. మోసంతో పొందిన సమ్మతి పెళ్లినే చెల్లకుండా చేయగలదని శ్రీసభ చట్టం చెబుతుంది. ఇద్దరి బతుకులు ముడిపెట్టి, ఇద్దరినీ ఒంటరివాళ్లను చేసే పని మన చేతుల మీదుగా జరగకూడదు. స్వస్థత కూటాల్లో దయ్యం వదిలిస్తామని నలుగురి మధ్య నిలబెట్టి, నూనె రాసి, తల మీద చేతులు వేసి అరవడమూ ఇలాంటిదే. ఆ సాయంత్రం వాడు మీ మాట కాదనలేక నేల మీద పడిపోయి, బాగైపోయాననీ చెబుతాడు. ఆ తర్వాత మీతో ఎన్నటికీ నిజం చెప్పడు.

ఇంకో కఠినమైన మాట. ఇంట్లోంచి గెంటేయడం, కొట్టడం, "నువ్వు చచ్చిపోయినా బాగుండేది" అనడం, చదువు మాన్పించడం, ఫోన్ లాక్కుని గదిలో పెట్టడం: వీటిలో ఏదైనా ప్రాణం మీదికి తెస్తుంది. మన జిల్లాలో అప్పులకూ కరువుకూ ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయాయో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పురుగుమందు డబ్బా మన ఇళ్లలో చేతికందేంత దూరంలోనే ఉంటుంది. దాన్ని తాళం వేసిన చోట పెట్టండి, లేదా ఇంట్లో ఉంచనే వద్దు. బిడ్డ మాటల్లో బతుకు మీద విసుగు కనబడితే సూటిగా అడగండి, "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాయనా?" అని. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, లోపల ఉన్నది బయటికి వస్తుంది. అవుననే అంటే వాడిని ఒంటరిగా వదలకండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఆ నంబరుకు మీరూ ఫోన్ చేయవచ్చు. తల్లిదండ్రుల దుఃఖమూ దుఃఖమే.

బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండితే, ఎవరితో బతకాలో నిర్ణయించుకునే హక్కు వాళ్లది. 2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, కలిసి బతకాలనుకున్న ఇద్దరు యువతుల కేసులో, వయోజనురాలైన కూతురి ఇష్టాన్ని తల్లిదండ్రులు అడ్డుకోలేరని చెప్పింది. ఇలాంటి జంటల పెళ్లికి మాత్రం మన దేశ చట్టంలో చోటు లేదు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ హక్కు ఇవ్వడానికి నిరాకరించింది. మీ బిడ్డ ముందున్న బతుకు తేలికైనది కాదు. అందుకే ఇంటి అండ వాడికి మరింత అవసరం.

"ఊళ్లో తలెత్తుకు తిరగగలమా?" అన్న ప్రశ్న మిగిలింది. మన విచారణల్లో ఎన్నో కుటుంబాలకు ఊరి బయట బతికిన జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉంది. బావి దగ్గర, హోటల్లో, గుడి మెట్ల దగ్గర మన తాతల్ని ఎవరెవరు ఎక్కడ నిలబెట్టారో మనకు తెలుసు. అలా పక్కన పెట్టని దేవుడున్నాడని నమ్మి, వాళ్లలో చాలామంది శిలువ దగ్గరికి వచ్చారు. 2008 నుంచి 2020 దాకా మన కర్నూలు మేత్రాసనాన్ని నడిపిన పూల అంతోని గారు 2022లో దళితుల్లో తొలి కార్డినల్ అయినప్పుడు మనం ఎంత సంబరపడ్డామో గుర్తుంది కదా. పక్కన పెట్టడం అంటే ఏమిటో తెలిసిన మనం, మన కంచంలో తిన్న బిడ్డను పక్కన పెట్టగలమా? ఊరికి అంతా చెప్పాల్సిన పనిలేదు. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో బిడ్డనే నిర్ణయించుకోనివ్వండి. బంధువులు గుచ్చి గుచ్చి అడిగితే "మా వాడు బాగున్నాడు, పెళ్లి సంగతి వాడి ఇష్టం" అంటే చాలు. ఆ మాట మీరు గట్టిగా ఒకటి రెండుసార్లు అంటే, మూడోసారి ఎవరూ అడగరు.

ఇప్పుడేం చేయాలి? వాడు పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో ఉన్నా, బెంగళూరులో ఉన్నా, ఈ రాత్రి ఫోన్ చేయండి. "తిన్నావా?" అని ఎప్పటిలాగే అడగండి. మొదటిసారి విన్నప్పుడు మాట తూలి ఉంటే, "ఆ రోజు కోపంలో ఏదో అన్నాను, మనసులో పెట్టుకోవద్దు" అని చెప్పండి. పండగకు రమ్మనండి. కుటుంబ ప్రార్థనలో వాడి పేరు ఎప్పటిలాగే పలకండి, కానీ మారాలని కాదు, చల్లగా ఉండాలని. పూజకు రమ్మని బలవంతపెట్టకండి, రావద్దనీ అనకండి. వాడి విశ్వాసం వాడికీ దేవుడికీ మధ్య సంగతి. ఓపికగా వినే గురువుగారు ఎవరున్నారో ముందు మీరు వెళ్లి మాట్లాడి చూసి, ఆ తర్వాతే బిడ్డకు చెప్పండి. కసిరే గురువు ఎదురైతే, శ్రీసభ అంటే ఆయన ఒక్కరే కాదని గుర్తుంచుకోండి.

ఈ జిల్లాకు 1969లో వచ్చి ఆర్‌డీటీని స్థాపించిన విన్సెంట్ ఫెర్రర్ గారి బతుకు మన కళ్లముందే ఉంది. జెస్విట్ సభ సభ్యుడిగా మన దేశానికి వచ్చిన ఆయన తర్వాత ఆ సభను విడిచారు, పెళ్లి చేసుకున్నారు. శ్రీసభ నిర్ణయించిన గురుజీవితంలో ఆయన ఇమడలేదు. అయినా 2009లో ఆయన కన్నుమూసినప్పుడు ఊళ్లకు ఊళ్లు కదిలి వచ్చి ఏడ్చాయి. ఒక మనిషి బతుకు నియమాల చట్రంలో ఇమడనంత మాత్రాన దేవుడి పని వాడి చేతుల మీదుగా ఆగిపోదని మన జిల్లాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

శ్రీసభ బోధకూ బిడ్డ బతుకుకూ మధ్య ఉన్న చిక్కుముడి మీరు విప్పలేరు. నేనూ విప్పలేను. మీ బిడ్డ బ్రహ్మచర్యాన్నే ఎంచుకుంటాడో, ఒక తోడును వెతుక్కుంటాడో, కొంతకాలం గుడికి దూరమై మళ్లీ వస్తాడో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. ఆ జవాబు దొరికాకే దగ్గరికి తీసుకుంటామని ఆగకండి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే ఈ నేలలో, వాన సంగతి తేలాకే శెనక్కాయ విత్తుదామని మన పెద్దలు ఎప్పుడూ కూర్చోలేదు.

అమ్మా, నాయనా, ఇల్లు కావాలా దేవుడు కావాలా అని ఆ బిడ్డను ఎప్పుడూ అడగవద్దు. జ్ఞానస్నానం రోజున వాడిని చేతుల్లో ఎత్తుకుని, వీడిని దేవుని బిడ్డగా పెంచుతామని మాట ఇచ్చింది మనమే. ఆ మాటకు గడువు లేదు. ఈ రోజే వాడితో మాట్లాడండి.